వెలుగు పైన, ఎరువు కింద: సముద్రంలో చేపల అడ్రస్ మీద మీ ప్రశ్నలు

పోయిన నెల సముద్రం రంగు గురించి నాలుగు ముక్కలు రాశాను కదా, దాని మీద వచ్చినన్ని ఉత్తరాలు ఈ మధ్య దేనికీ రాలేదు. సగం మంది తిప్పి తిప్పి ఒకటే అడిగారు, అంత నీళ్లలో చేప ఎక్కడుంటుందో ఎలా తెలుస్తుందీ అని. సరే, ఈసారి మిగతా సబ్జెక్టులన్నీ పక్కన పెట్టి పేజీ మొత్తం సముద్రానికే ఇచ్చేశాను. ఒకేలా ఉన్న ప్రశ్నల్ని కలిపేశాను, ఏమనుకోకండి.

ప్రశ్న: సముద్రమంతా ఒకటే నీళ్లు, మధ్యలో గోడలేం లేవు. మరి చేపలు అంతటా సమానంగా ఉండాలి కదండీ, కొన్ని చోట్లే గుంపులుగా ఎందుకుంటాయి?

జవాబు: గోడలు లేవని ఎవరన్నారండీ, ఉన్నాయి, కంటికి కనపడవు అంతే. పైగా అవి నిలువు గోడలు కావు, ఎక్కువ భాగం అడ్డంగా పరుచుకుని ఉంటాయి, మూతల్లాగా.

కొంచెం వెనక నుంచి వస్తాను. చేప తిండి వెంట పోతుంది. చిన్న చేపకి తిండి సన్నటి జంతు ప్లాంక్టన్, దానికి తిండి ఇంకా సన్నటి వృక్ష ప్లాంక్టన్, బడి పుస్తకాల్లో ప్లవకాలు అని చదువుకున్నాం చూడండి, అవే. అంటే చేప ఎక్కడుంటుందీ అనే ప్రశ్న చివరికి కంటికి కనపడని ఆ మొక్క ఎక్కడ పెరుగుతుందీ అనే దగ్గరికే వచ్చి ఆగుతుంది. మొక్క అన్నాక దానికి ఎండ కావాలి, ఎరువు కావాలి. ఎరువంటే నైట్రేట్, ఫాస్ఫేట్, సిలికేట్, చిటికెడు ఇనుము. గొడవంతా ఎక్కడొచ్చిందంటే ఈ రెండూ ఒకచోట ఉండవు. ఎండ పైపైనే ఉంటుంది, ఎంత తేట నీళ్లయినా 200 మీటర్లు దాటితే మొక్క బతికేంత వెలుగుండదు, మట్టి కలిసిన తీరం నీళ్లలో అయితే కొన్ని మీటర్లకే చీకటి. ఎరువేమో కిందుంటుంది, ఎందుకంటే పైన చచ్చిందీ విసర్జించిందీ అంతా మెల్లగా కిందకి దిగి అక్కడ కుళ్లుతుంది. ఈ రెండింటికీ మధ్యలో మూత. ఎండకి కాగిన పై నీళ్లు తేలిక, కింద చల్లటి నీళ్లు బరువు, అందుకని పైవి పైనే తేలుతూ ఉండిపోతాయి, కిందవి కిందే. మధ్యలో వేడి ఒక్కసారిగా పడిపోయే పొరనే థర్మోక్లైన్ అంటారు.

ఆ మూత ఎక్కడ లేస్తే అక్కడ పంట. లేపేవాళ్లలో మొదటిది గాలి. ఇందులో ఒక తమాషా ఉంది. నార్వే వాడు నాన్సెన్ 1893 నుంచి 1896 దాకా ఫ్రామ్ అనే ఓడని కావాలనే ఆర్కిటిక్ మంచులో ఇరికించుకుని దాంతోపాటే కొట్టుకుపోయాడు, అలా పోతూ గమనించింది ఏంటంటే మంచు గాలి తోసిన వైపుకి తిన్నగా పోవట్లేదు, 20 నుంచి 40 డిగ్రీలు కుడికి జరిగి పోతోంది. దానికి లెక్క కట్టి 1905లో అచ్చేసినవాడు స్వీడన్ కుర్రాడు ఎక్మన్. భూమి తిరగడం వల్ల పై పొర నీళ్లు మొత్తం మీద గాలికి అడ్డంగా కదులుతాయి, ఉత్తరార్ధగోళంలో కుడికి, దక్షిణార్ధగోళంలో ఎడమకి. ఇప్పుడు పెరూ తీరం ఊహించుకోండి. గాలి దక్షిణం నుంచి ఉత్తరానికి తీరం పొడవునా వీస్తుంది, నీళ్లు ఎడమకి అంటే నడిసముద్రం వైపు జరుగుతాయి, ఆ ఖాళీలోకి కింద నుంచి చల్లటి ఎరువు నీళ్లు పైకొస్తాయి. అదే అప్‌వెల్లింగ్. వేగం చాలా తక్కువ, రోజుకి కొన్ని మీటర్లు, అయినా నెలల తరబడి ఆగకుండా వస్తుంది కాబట్టి సరిపోతుంది. పెరూ, కాలిఫోర్నియా, ఆఫ్రికా వాయవ్యాన కెనరీ ప్రవాహం, నైరుతిన బెంగ్వెలా, ఈ నాలుగూ దీనికి పేరుమోసిన చోట్లు. నాలుగూ ఖండాలకి పడమటి తీరాలే, చూశారా.

ప్రశ్న: ప్లాంక్టన్ అంటే మొక్కా, పురుగా? ఒక్కోచోట ఒక్కోలా రాస్తున్నారు.

జవాబు: రెండూను. అది జాతి పేరు కాదండీ, బతుకు తీరు పేరు. ప్రవాహానికి ఎదురీదలేక కొట్టుకుపోయేది ఏదైనా ప్లాంక్టనే, గ్రీకులో ఆ మాటకి దిమ్మరి అని అర్థం. గాజు పెంకులో ఉండే ఏకకణ మొక్క డయాటం ప్లాంక్టనే, రొయ్య చుట్టం కోపిపాడ్ ప్లాంక్టనే, మీటరు వెడల్పున్న జెల్లీఫిష్ కూడా ప్లాంక్టనే. చాలామందికి తట్టనిది ఇంకోటుంది, ఎక్కువ చేపల గుడ్లూ అప్పుడే పుట్టిన పిల్లలూ కూడా ప్లాంక్టనే. పెద్దయ్యాక సముద్రాలు దాటే ట్యూనా కూడా మొదటి కొన్ని వారాలు నీళ్లెటు తీసుకెళ్తే అటు పోవాల్సిందే. ఇది గుర్తుంచుకోండి, కింద పనికొస్తుంది.

ప్రశ్న: అద్దంలా నీలంగా మెరిసే సముద్రంలో చేపలు తక్కువనీ, పచ్చగా మురికిగా ఉన్నచోట ఎక్కువనీ చదివాను. ఉల్టాగా ఉండాలి కదా సార్?

జవాబు: ఉల్టా కాదండీ, అదే కరెక్టు. నీళ్లు అంత తేటగా ఉన్నాయంటే వాటిలో ఏమీ లేదని. సముద్రాల మధ్యలో పెద్దపెద్ద సుడుల్లాగా తిరిగే ప్రాంతాలున్నాయి, అక్కడ గాలులు నీళ్లని మధ్యకి తోసి కిందకి నొక్కుతాయి, మూత లేవడం కాదు కదా ఇంకా కిందకి దిగుతుంది. దక్షిణ పసిఫిక్ సుడి మధ్యలో ఉన్నవి ప్రపంచంలోకెల్లా తేట సముద్రపు నీళ్లలో ఒకటి, ఎడారి అన్నా తప్పులేదు.

ఎడారిలోనూ బతికేవాళ్లుంటారు. ప్రోక్లోరోకాకస్ అని మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా లేని జీవి ఒకటుంది, 1980ల్లో శాలీ చిజమ్ బృందం బయటపెట్టేదాకా దాని ఉనికే ఎవరికీ తెలీదు, తీరా చూస్తే భూమ్మీద ఎండతో తిండి తయారుచేసుకునే జీవుల్లో సంఖ్యలో అదే ఫస్టు. మరి అంత ఉన్నప్పుడు చేపలెందుకు లేవు అంటారు. అది మరీ సన్నం, కోపిపాడ్ నోటికి కూడా అందదు, దాన్ని ఇంకో ఏకకణ జీవి తినాలి, దాన్ని ఇంకోటి తినాలి, అలా మెట్లు పెరుగుతాయి. ఒక్కో మెట్టుకీ సుమారుగా పదో వంతే పైకి చేరుతుంది. 1000 కిలోల వృక్ష ప్లాంక్టన్ రెండు మెట్లలో చేప అయితే 10 కిలోలు, నాలుగు మెట్లయితే 100 గ్రాములు. అప్‌వెల్లింగ్ చోట డయాటంలు పెద్దవి, గొలుసులు గొలుసులుగా ఉంటాయి, నెత్తళ్ల జాతి చేపలు కోపిపాడ్‌లతో పాటు వాటిని కూడా తినేస్తాయి, మెట్లు తక్కువ. తేడా అక్కడుంది.

ఇంకో చిక్కు చెప్తాను. అంటార్కిటికా చుట్టూ ఉన్న సముద్రంలో నైట్రేట్ బోలెడు, ఎండాకాలంలో వెలుతురూ బోలెడు, అయినా చాలా భాగం పచ్చబడదు. ఎందుకో చాలాకాలం అర్థం కాలేదు. జాన్ మార్టిన్ అనే అమెరికన్ సైంటిస్టు ఇనుము చాలట్లేదయ్యా అన్నాడు, 1988లో ఒక మీటింగులో సగం ట్యాంకరు ఇనుమివ్వండి మీకు మంచుయుగం తెచ్చిపెడతా అని జోకు కూడా వేశాడు, ఇనుముతో మొక్కలు పెరిగి గాల్లోని కార్బన్ డయాక్సైడ్ లాగేస్తే భూమి చల్లబడుతుందని. ఆయన 1993లో పోయిన కొన్ని నెలలకి సహచరులు గాలపాగోస్ దగ్గర అలాంటి నీళ్లలోనే ఇనుము చల్లి చూశారు, 1995లో మళ్లీ చల్లితే నీలం నీళ్లు పచ్చగా తిరిగాయి. సహారా దుమ్ము గాల్లో ఎగిరొచ్చి అట్లాంటిక్‌లో పడటం కూడా అందుకే లెక్కలోకి వస్తుంది, దుమ్ములో ఇనుముంటుంది.

ప్రశ్న: రెండు రంగుల నీళ్లు పక్కపక్కనే గీత గీసినట్టు ఉన్న వీడియో చూశాను. కలవవా అవి? దానికీ చేపలకీ ఏమైనా లింకు ఉందా?

జవాబు: కలుస్తాయి, కాకపోతే నిదానంగా. వేడి తేడానో ఉప్పు తేడానో ఉన్న రెండు నీళ్లు ఎదురుపడ్డచోట ఏర్పడే ఆ గీతని ఫ్రంట్ అంటారు. ఆ గీత మీద నురగ, నాచు ముక్కలు, చెత్త అంతా పోగవడం గమనించారా? బరువైన నీళ్లు తేలికవాటి కిందకి జారతాయి, తేలేవి మాత్రం జారలేక గీత దగ్గరే ఇరుక్కుపోతాయి. పైకి ఈదే అలవాటున్న జంతు ప్లాంక్టన్‌దీ అదే గతి. దాని కోసం చిన్న చేప, చిన్న చేప కోసం ట్యూనా, పైన పక్షులు. అందుకే వేటకి వెళ్లేవాళ్లు ముందు నీటి రంగు మారేచోటు, పక్షులు దిగేచోటు చూస్తారు. 1978లో నింబస్-7 ఉపగ్రహం మీద సముద్రం రంగు చూసే కెమెరా పెట్టిన దగ్గర్నుంచి అదే పని పైనుంచి కూడా అవుతోంది. ఉపగ్రహానికి చేప కనపడదండీ, పచ్చదనం, పై నీటి వేడి, ఈ రెండే కనపడతాయి, ఆ రెండిట్నీ కలిపి ఇక్కడ చేప ఉండొచ్చు అని అంచనా కడతారు.

ప్రశ్న: బంగాళాఖాతంలోకి గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, గోదావరి, కృష్ణ ఇన్ని నదులు ఎరువు మోసుకొస్తాయి. మరి అరేబియా సముద్రంలోనే ప్లాంక్టన్ ఎక్కువంటారేంటి?

జవాబు: ఈ ప్రశ్న నాకు భలే నచ్చింది, ఎందుకంటే నది వస్తే పంట పండాలి అనే లెక్క నేల మీద కరెక్టు, సముద్రంలో అదే నది అడ్డం పడుతుంది.

నది నీళ్లు మంచినీళ్లు, ఉప్పునీటి కంటే తేలిక. అన్ని నదులు, దాని పైన వానలు, కలిసి బంగాళాఖాతం పైన ఒక పల్చటి తీపి పొర పరిచేస్తాయి. మామూలుగా వేడి వల్ల ఏర్పడే మూతకి ఇది ఉప్పు తేడా వల్ల వచ్చే రెండో మూత. దీన్ని కలియబెట్టాలంటే గట్టి గాలి కావాలి, ఇక్కడ నైరుతి గాలులు అరేబియా సముద్రం మీదున్నంత బలంగా ఉండవు. కింద ఎరువు లేక కాదు, పైకి రాక. నదులు తెచ్చే ఎరువేమో ఎక్కువ భాగం మొగదగ్గరా తీరం పక్కనే ఖర్చయిపోతుంది, నడి సముద్రం దాకా పోయేది తక్కువ, పైగా ఒండ్రూ మబ్బులూ కలిసి వెలుతురు కూడా తగ్గిస్తాయి. కాబట్టి డెల్టాల ముందు, మడ అడవుల దగ్గర రొయ్యలూ చేపలూ బాగానే ఉంటాయి, లోపలికి పోతే పలచన.

అరేబియా సముద్రంలో కథ వేరు. నైరుతి రుతుపవనాల్లో సొమాలియా, ఒమాన్ తీరాల పొడవునా భయంకరమైన గాలి వీస్తుంది, ప్రపంచంలోని పెద్ద అప్‌వెల్లింగ్‌లలో అదొకటి, ఆ గాలులు బాగా ముదిరాక సొమాలియా దగ్గర కొన్నిచోట్ల పై నీళ్లు 20 డిగ్రీల కిందకి పడిపోతాయి. చలికాలంలో మళ్లీ ఉత్తరాన పొడి చల్లగాలులు పై నీళ్లని చల్లబరిచి బరువెక్కించి కిందకి ముంచుతాయి, వాటి బదులు కింద నీళ్లు పైకొస్తాయి. ఏడాదికి రెండు పంటలన్నమాట.

బంగాళాఖాతంలో ఆ మూతని లేపే మొనగాడు ఒకడున్నాడు, తుపాను. అది వెళ్లిపోయిన కొన్ని రోజులకి ఉపగ్రహ చిత్రంలో దాని దారి వెంట పచ్చటి మరక కనపడుతుంది. సముద్రంలో తిరిగే సుడుల్లో కొన్ని కూడా అక్కడక్కడ ఎరువుని పైకి లాగుతుంటాయి.

ప్రశ్న: ఉష్ణమండలంలో రంగురంగుల చేపలు ఎక్కువ కదా, అయినా పెద్ద ఎత్తున జరిగే చేపల వేటంతా చలి సముద్రాల్లో ఎందుకు?

జవాబు: రకాలు వేరు, రాశి వేరు. పగడపు దిబ్బ దగ్గర వందల రకాలు ఉంటాయి, ఒక్కో రకం కొన్నే. ఉత్తర అట్లాంటిక్‌లో రకాలు తక్కువ, ఒక్కో రకం లక్షల టన్నులు. అక్కడ చలికాలం తుపానులు మూత మొత్తం చెదరగొట్టి నీళ్లని వందల మీటర్ల లోతుదాకా కలిపేస్తాయి, ఎరువు పైకొస్తుంది, కానీ ఎండ లేదు, పైగా మొక్కలు కూడా ఆ నీళ్లతోపాటు చీకట్లోకి కిందామీదా పడుతుంటాయి. వసంతం రాగానే ఎండ పెరిగి పైన పల్చటి వెచ్చటి పొర ఏర్పడుతుంది, మొక్కలు ఇక వెలుతురులోనే ఉండిపోతాయి, కొన్ని వారాల్లోనే సముద్రం పచ్చబడిపోతుంది. నార్వే సముద్ర శాస్త్రవేత్త స్వెర్‌డ్రప్ 1953లో రాసింది ఇదే, దాని మీద ఇప్పటికీ వాదనలు నడుస్తున్నాయి. ఇందాకటి దాకా మూతని తిట్టాను కదా, ఇక్కడ అదే మూత మేలు చేసింది చూడండి. ముందు లేవాలి, తర్వాత సరైన టైముకి పడాలి.

ఆ టైము మీదే చేపపిల్లల ప్రాణాలు ఆధారపడతాయి. గుడ్డులోంచి వచ్చిన పిల్ల దగ్గర కొన్ని రోజులకి సరిపడా సొన ఉంటుంది, అదయ్యేలోపు నోటికి పట్టే సైజు తిండి ఎదురుగా ఉండాలి. అయ్యవారు వచ్చేదాకా అమావాస్య ఆగుతుందా, ప్లాంక్టన్ పంట పదిహేను రోజులు ముందే అయిపోతే ఆ ఏడు పుట్టిన పిల్లలు ఆకలికి పోతాయి. నార్వేలో యోహాన్ హ్యోర్ట్ అనే సైంటిస్టు హెర్రింగ్ అనే చేప పొలుసుల మీద వలయాలు లెక్కపెట్టి వయసులు తేలిస్తే ఆశ్చర్యంగా ఒక్క 1904లో పుట్టిన చేపలే ఏళ్ల తరబడి వలల నిండా వస్తున్నాయని తేలింది. ముందూ వెనకా ఏళ్లలో కూడా తల్లులు గుడ్లు పెట్టాయి, కానీ బతికింది ఆ ఒక్క ఏడాది పిల్లలు. ఆయన 1914లో రాసిన ఆ మాట చుట్టూనే చేపల సైన్సు ఇప్పటికీ తిరుగుతోంది.

ప్రశ్న: రాత్రిళ్లు చేపలు పైకొస్తాయంటారు, నిజమేనా?

జవాబు: నిజమే, అదీ మామూలుగా కాదు. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా నేవీ వాళ్లు సబ్‌మెరైన్ల కోసం సోనార్ వేస్తుంటే మూడు నాలుగు వందల మీటర్ల దగ్గర నేల తగిలినట్టు చప్పుడు తిరిగొచ్చేది, తీరా మ్యాపు చూస్తే అక్కడ లోతు వేల మీటర్లు. 1945లో మార్టిన్ జాన్సన్ అనే బయాలజిస్టు చూస్తే ఆ దొంగ నేల సాయంత్రం పైకి లేస్తోంది, తెల్లారితే దిగుతోంది. అది నేల కాదు, జంతువులు. కోపిపాడ్‌లు, రొయ్యల్లాంటి క్రిల్, ఒంటి మీద లైట్లుండే లాంతరు చేపలు. పగలు పైనుంటే కళ్లున్న ప్రతిదీ తినేస్తుంది కాబట్టి చీకట్లో దాక్కుని, రాత్రి పైకొచ్చి మేసి పోతాయి. రెండు మిల్లీమీటర్ల కోపిపాడ్ 200 మీటర్లు ఎక్కడమంటే తన ఒంటి పొడవుకి లక్ష రెట్లు, మనిషి లెక్కలో సుమారు 170 కిలోమీటర్లు, అదీ రోజూ రానూ పోనూ.

నేనొకసారి చిన్న రీసెర్చి పడవ మీద ఒక రాత్రి గడిపాను. మధ్యాహ్నం పైపైన వల లాగితే చివర కట్టిన సీసాలో నీళ్లు కొంచెం మసకగా ఉన్నాయంతే, భూతద్దం పెడితే నాలుగు చుక్కలు గెంతుతున్నాయి. రాత్రి పది దాటాక అదే చోట, అదే వల, అంతే సేపు లాగితే సీసాలో నీళ్లు కనపడలేదు, చిక్కగా గులాబీ బూడిద రంగులో ఏదో కదులుతోంది, టార్చి వేస్తే ఆ మొత్తం ముద్ద ఒక్కసారి ఉలిక్కిపడింది. లైటార్పి సీసా ఊపితే నీలంగా నిప్పురవ్వలు. అప్పటిదాకా పుస్తకంలో చదివిందంతా ఒక ఎత్తు, ఆ సీసా ఒక ఎత్తు.

పైన ప్రవాహం వేరు, కింద ప్రవాహం వేరు, ఈ ఎక్కి దిగడం వల్ల కొన్ని జీవులు అంత చిన్నవైనా కొట్టుకుపోకుండా అదే చుట్టుపక్కల ఉండగలుగుతాయి. లిఫ్టు పట్టుకుని బస్సు మారినట్టు.

ప్రశ్న: వల నిండా చేపలు పడుతున్నాయంటే సముద్రంలో చేపలు బాగున్నట్టే కదా?

జవాబు: కాదండీ, ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఆక్సిజన్ సంగతి చూద్దాం. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది, చేపకేమో వేడిలో ఎక్కువ కావాలి. అది చాలదన్నట్టు అరేబియా సముద్రం, బంగాళాఖాతం, తూర్పు పసిఫిక్ లాంటి చోట్ల 100, 200 మీటర్ల కింద నుంచి ఆక్సిజన్ దాదాపు లేని మందపాటి పొర ఉంటుంది, పైనుంచి రాలే చెత్త కుళ్లుతూ ఉన్నది కాస్తా వాడేస్తుంది. ట్యూనా, మార్లిన్ లాంటివి ఆగకుండా ఈదుతాయి, వాటికి ఆక్సిజన్ బాగా కావాలి, ఆ పొరలోకి దిగలేవు. అది పైకి జరిగేకొద్దీ ఇవన్నీ పైనున్న పల్చటి భాగంలో ఇరుక్కుంటాయి, వలకీ గాలానికీ సులువుగా దొరుకుతాయి. ఉష్ణమండల అట్లాంటిక్‌లో ఇది చూశారు. చేప పెరగలేదు, గది చిన్నదైంది అంతే.

ఎల్ నినో మొదట్లో పెరూలో జరిగేది కూడా కొంచెం ఇలాంటిదే. పసిఫిక్ మీద తూర్పు గాలులు నీరసపడి పడమట పోగైన వెచ్చటి నీళ్లు వెనక్కి వస్తాయి, పెరూ దగ్గర థర్మోక్లైన్ లోతుకి దిగిపోతుంది. తీరం గాలి ఆగిపోతుందనుకుంటారు, ఆగక్కర్లేదు, అది వీస్తున్నా పైకి లాగేది ఎరువు లేని వెచ్చటి నీళ్లే, ఖాళీ బావిలో బొక్కెన వేసినట్టు. అంచొవేటా అనే నెత్తళ్ల జాతి చేప చల్లగా మిగిలిన తీరం పక్క సందుల్లోకి వచ్చి కుక్కుకుంటుంది, అక్కడ వల వేస్తే బోలెడు. 1970లో ఏడాదికి కోటీ ఇరవై లక్షల టన్నుల దాకా పట్టారు, ప్రపంచంలో ఇంకే చేపనీ అంత పట్టలేదు. 1972లో ఎల్ నినో వచ్చింది, పట్టడం ఆపలేదు, 1973కి 20 లక్షల టన్నులు కూడా లేదు. ఇప్పుడు కొంచెం నేర్చుకున్నారు, 2023లో పిల్ల చేపలే ఎక్కువ కనపడుతున్నాయని మొదటి సీజను మొత్తం రద్దు చేశారు.

ప్రశ్న: సముద్రం వేడెక్కితే చేపలు చల్లటి చోటుకి వెళ్లిపోతాయి, అంతేగా? దానికింత గొడవెందుకు?

జవాబు: వెళ్లేవి వెళ్తాయి. ఐస్‌లాండ్ వాళ్లు 2006లో మాకరెల్, అంటే మన కానాగంతల చుట్టం, పట్టింది కొన్ని వేల టన్నులు, 2008 కల్లా లక్ష టన్నులు దాటేసింది, చేప అటు వచ్చింది మరి. వాటా ఎవరిదీ అని చుట్టుపక్కల దేశాలతో ఏళ్ల తరబడి గొడవ. చేపకి పాస్‌పోర్టు అక్కర్లేదు, కోటాలకే కావాలి.

కానీ అసలు సమస్య అందరూ కలిసి వెళ్లకపోవడం. దీన్ని బయటపెట్టిన పరికరం చూస్తే నాకు ముచ్చటేస్తుంది. అలిస్టర్ హార్డీ అనే బ్రిటిష్ సైంటిస్టు 1920ల్లో చేసిన కంటిన్యువస్ ప్లాంక్టన్ రికార్డర్, మీటరు పొడవుండే లోహపు పెట్టె, సరుకు ఓడలు తమ దారిన తాము పోతూ దాన్ని వెనక లాక్కెళ్తాయి. లోపల సిల్కు గుడ్డ చుట్ట, నీటి వేగానికి తిరిగే చిన్న పంకా దాన్ని నెమ్మదిగా విప్పుతుంటే ప్లాంక్టన్ దాని మీద పడుతుంది, పైన ఇంకో సిల్కు వచ్చి మూసేసి ఫార్మలిన్ డబ్బాలోకి చుట్టేస్తుంది. పది నాటికల్ మైళ్ల సముద్రం నాలుగంగుళాల గుడ్డ మీదకి వచ్చేస్తుంది. 1931 నుంచి సర్వే నడుస్తోంది, గుడ్డ ఎంత పచ్చగా ఉందో ఇప్పటికీ మనిషి కంటితోనే చూసి నంబరు వేస్తారు.

ఆ గుడ్డల్లో తేలింది ఏంటంటే ఈశాన్య అట్లాంటిక్‌లో వెచ్చటి నీటి కోపిపాడ్‌లు నలభై ఏళ్లలో వెయ్యి కిలోమీటర్లు ఉత్తరానికి జరిగాయి. బ్రిటన్ పక్కనున్న ఉత్తర సముద్రంలో (నార్త్ సీ) కలానస్ ఫిన్మార్కికస్ అనే చల్లటి నీటి కోపిపాడ్ తగ్గి దాని జాగాలో దాని వెచ్చటి నీటి చుట్టం కలానస్ హెల్గోలాండికస్ వచ్చింది. రెండూ పక్కపక్కన పెడితే మీరూ నేనూ తేడా చెప్పలేం. కానీ మొదటిది వసంతంలో దండిగా ఉంటుంది, కాడ్ చేప పిల్లలకి సరిగ్గా అప్పుడే తిండి కావాలి, రెండోది ఎక్కువయ్యేది శరత్కాలంలో. అంగడి ఉంది, కాకపోతే ఆకలేసినప్పుడు తలుపు తీయరు.

కొవ్వు సంగతి కూడా ఉంది. చల్లటి నీళ్ల కోపిపాడ్ చలికాలం గడపడానికి ఒంట్లో నూనె సంచి నింపుకుంటుంది, వెచ్చటి నీళ్లది బక్కది. 2014 నుంచి 2016 దాకా ఈశాన్య పసిఫిక్‌లో బ్లాబ్ అని పేరుపడ్డ వేడి నీళ్ల ముద్ద తిష్ట వేసింది, బక్క కోపిపాడ్‌లు వచ్చాయి, చిన్న చేపలు తగ్గాయి, ఉన్నవీ చిక్కిపోయాయి. మర్ అనే సముద్రపక్షులు చచ్చి కాలిఫోర్నియా నుంచి అలాస్కా దాకా తీరానికి కొట్టుకొచ్చినవే 62,000 దాకా లెక్కపెట్టారు, ఒక్క అలాస్కాలోనే పోయినవి 40 లక్షలని తర్వాత అంచనా, అక్కడి మర్‌లలో సగం. వేడి వాటినేం చేయలేదు, పళ్లెంలో ఏముందో అది మారింది.

ప్రశ్న: చేపలు తగ్గిపోయాయంటే ఒకరు అతిగా పట్టారంటారు, ఇంకొకరు వాతావరణం అంటారు. తప్పు మనదా, సముద్రానిదా? ఏదో ఒకటి తేల్చి చెప్పండి.

జవాబు: తేల్చి చెప్పమన్నారు కాబట్టి కాలిఫోర్నియా బురద సాక్ష్యం చెప్తాను. శాంటా బార్బరా దగ్గర సముద్రం అడుగున ఆక్సిజన్ దాదాపు లేదు, బురదని తవ్వి కెలికే పురుగులు కూడా ఉండవు, అందుకని ఏటికేడు పడ్డ పొర పడ్డట్టే ఉంది, పుస్తకంలో పేజీల్లాగా. ఆ పొరల్లో సార్డీన్, అదే మన కవళ్ల రకం, దాని పొలుసులు ఏరి లెక్కపెట్టారు. సుమారు 1700 ఏళ్ల లెక్కలో సార్డీన్‌లు తొమ్మిది సార్లు బాగా పెరిగి బాగా పడిపోయాయి, అప్పుడు మరపడవల్లేవు, చేపల్ని డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీల్లేవు. అంటే సముద్రం తనంతట తనే చేపల్ని తగ్గిస్తుంది, ఇది ఖాయం.

అలాగని మనం తప్పించుకున్నామని కాదు. ఇందాక చెప్పాను చూడండి, పిల్లలు బతికే ఏడాది ఎప్పుడో వస్తుంది. ముసలి పెద్ద ఆడచేపలు ఎక్కువ గుడ్లు పెడతాయి, చాలా జాతుల్లో ఎక్కువ రోజుల పాటు పెడతాయి, ప్లాంక్టన్ పంట ముందొచ్చినా వెనకొచ్చినా కొన్ని పిల్లలకైనా అందుతుంది. వేట మొదట ఏరేసేది ఆ పెద్దవాటినే. తర్వాత మిగిలిన కుర్ర మంద మీద రెండు మూడు చెడ్డ ఏళ్లు వరసగా పడితే తట్టుకోవడానికి ఏముంటుంది? నా ఉద్దేశంలో పడిపోవడం మొదలుపెట్టేది చాలాసార్లు సముద్రమే, ఎంత లోతుకి పడాలో, ఎన్నాళ్లు లేవకుండా ఉండాలో మాత్రం మనం తేలుస్తాం. 1930ల్లో ఏడాదికి లక్షల టన్నులు పట్టిన ఆ కాలిఫోర్నియా సార్డీన్ 1950లకే చేతికందకుండా పోయింది, అయినా 1967 దాకా పట్టడం ఆపమని చట్టం రాలేదు, ఆపాక మళ్లీ కొద్దికొద్దిగా తెరవడానికి 1986 వచ్చింది, తర్వాత కొన్నేళ్లు బాగానే పడ్డాయి, 2015లో మళ్లీ మూసేశారు.